బండి ఆపాలా, ఆర్పాలా, కట్టెయ్యాలా?

సందేహం: మోటార్‌సైకిల్ వాడకం గురించి తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ‘ఇంజన్ ఆర్పండి’ అని రాస్తే స్నేహితులు నవ్వారు. ఆపండి, కట్టెయ్యండి, బంద్ చెయ్యండి, ఆఫ్ చెయ్యండి... వీటిలో ఏది సరైనది?

సమాధానం: నవ్వరా మరి! ఆర్పేది మంటని, దీపాన్ని, పొయ్యిని. ఇంజన్ లోపల పెట్రోలు మండుతూనే ఉంటుంది కదా అని మీరు వాదించొచ్చు గానీ, బండి నడిపేవాడికి తెలిసేది చప్పుడే, మంట కాదు.

‘ఆపండి’ మంచి మాటే. చిక్కల్లా ‘బండి’తో వస్తుంది. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ‘బండి ఆపు’ అంటే పక్కకి తీసి నిలపమని, ఇంజన్ ఆన్‌లోనే ఉన్నా ఆయనకి పట్టదు. అదే సిగ్నల్ దగ్గర వెనక కూర్చున్నావిడ ‘ఆపెయ్యండి, ఇంకా 90 సెకన్లుంది’ అంటే, బండి ఎలాగూ నిలబడే ఉంది కాబట్టి, ఆ మాట ఇంజన్ గురించే. ఎదురుగా ఉన్నప్పుడు ఇదంతా సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, పుస్తకంలో తెలియదు. ‘ఇంజన్ ఆపండి’ అనే రాయండి, పేచీ ఉండదు.

కోస్తాలో ఫ్యాను, లైటు, కుళాయి, పొలంలో మోటారు అన్నిటినీ కట్టేస్తారు, తెలంగాణలో బంద్ చేస్తారు. బంద్ పారసీ నుంచి వచ్చిన మాట, దానికీ మూలార్థం కట్టడమే, కాబట్టి ఏది గొప్పని కొట్టుకోనక్కర్లేదు. కాకపోతే ‘బండి కట్టు’ అంటే ఎడ్లని పూన్చి ప్రయాణానికి సిద్ధం చెయ్యడం, మీకు కావలసినదానికి సరిగ్గా ఎదురు! ‘ఇంజన్ కట్టెయ్యండి’ అంటే ఆ తిరకాసు లేదు. మెకానిక్ షెడ్డులో వినిపించే ‘ఆఫ్ చెయ్’ కూడా నాకు అభ్యంతరం కాదు, అందరికీ అర్థమయ్యేదాన్ని వదులుకోవడం దేనికి?

ఆపు, ఆగు కలిసిపోకుండా మాత్రం చూసుకోండి. మనం ఆపితే ఆపడం, గేరులో ఉండగా క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే ఆగిపోవడం.

కిల్ స్విచ్ దగ్గర ‘ఇంజన్ ఆపండి’తో సరిపెట్టకండి. అది నొక్కితే ఇంజన్ ఆగుతుంది గానీ, తాళం ఆన్‌లోనే ఉంటే మీటరు దీపాలు వెలుగుతూ బ్యాటరీ దిగిపోతుంది. ‘తాళం కూడా ఆఫ్‌కి తిప్పి తియ్యండి’ అని చేర్చండి. అన్నట్టు, కిల్ స్విచ్‌ని ‘హంతక మీట’ అని మాత్రం అనువదించకండి, పుణ్యముంటుంది. పాత కార్బురేటర్ బళ్ల గురించి కూడా రాస్తుంటే, చాలా రోజులు తియ్యకుండా ఉంచేటప్పుడు ‘పెట్రోలు కట్టెయ్యండి’ అని రాయండి, ట్యాంకు కింద పెట్రోలుని ఆపే మీట కుళాయిలా తిప్పేదే కాబట్టి అక్కడ ఆ మాటే అతుకుతుంది.