ఒక్క యార్డు దగ్గర ఆగిపోయాం: టెక్సాస్ ఫస్ట్ గేమ్ మీద మీ ప్రశ్నలు

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో 2025 ఆగస్టు 30 శనివారం కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ చేతిలో మన ఆస్టిన్ యూనివర్సిటీ టీమ్ టెక్సాస్ లాంగ్‌హార్న్స్ 14-7తో ఓడిపోయింది కదా, ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఇంక వేరే సబ్జెక్టే లేదు. ఆస్టిన్, ఫ్రిస్కో, ఇర్వింగ్ నుంచి కోపంతో రాసినవాళ్లు, ఒహాయో డబ్లిన్ నుంచి ఆనందంతో రాసినవాళ్లు, పిల్లల్ని అక్కడ చదువుకి పంపి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఫోన్లో స్కోరు చూస్తూ కూర్చున్న అమ్మానాన్నలు, అందరూ రాశారు. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, మన క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేస్తూ ఆట నడిపేవాడు) ఆర్చ్ మానింగ్‌కి సమ్మర్ అంతా ఆ రేంజ్‌లో బిల్డప్ ఇచ్చారు, బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే అన్నారు, తీరా చూస్తే పాసులతో 170 యార్డులు. ఇతన్ని నమ్ముకుని సీజన్ అంతా ఎలా అండీ? (ఒక పాఠకుడు, ఫ్రిస్కో)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, ఆ గేమ్ నేనూ మొదటి నుంచి చివరిదాకా చూశాను. 30 పాసులు వేస్తే 17 అందాయి, ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలివాళ్ల గీత దాటించడం), ఒక ఇంటర్‌సెప్షన్ (పాస్‌ని అవతలివాళ్లు పట్టేయడం), ఇది గొప్ప ఆట అని ఎవరూ అనరు, నేనూ అనను. ముఖ్యంగా ఫస్టాఫ్‌లో రిసీవర్ ఖాళీగా ఉన్నా బంతి తల మీద నుంచి పోవడమో కాళ్ల దగ్గర పడడమో జరిగింది. మళ్లీ చూడండి, బంతి వదిలేటప్పుడు అతని కాళ్లు సెట్ అవ్వట్లేదు, వెనక్కి వాలిపోతూ చెయ్యి పక్క నుంచి తిప్పి వేసేస్తున్నాడు, ఎదురుగా డిఫెండర్ మీదకి రాకపోయినా అలాగే వేస్తున్నాడు. ఇది చెయ్యి బలం ప్రాబ్లం కాదు, కంగారు. ప్రాక్టీసుతో, గేములు ఆడుతుంటే పోయేదే.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి, దీనికి ముందు ఇతను స్టార్ట్ చేసింది రెండే రెండు గేములు, రెండూ 2024లో క్విన్ యూవర్స్‌కి దెబ్బ తగిలినప్పుడు, రెండూ ఆస్టిన్‌లోనే, మన జనం మధ్యలోనే. బయట ఊళ్లో మొట్టమొదటి స్టార్ట్ తీసుకెళ్లి ఎక్కడ పెట్టారు? లక్ష మంది నెత్తిన కూర్చుని అరిచే ఒహాయో స్టేడియంలో, అదీ పోయిన సీజన్ ఛాంపియన్ మీద. తాత ఆర్చీ మానింగ్, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ పేరున్న ప్రొఫెషనల్ క్వార్టర్‌బ్యాక్‌లే అని ఇంటిపేరు చూసి మనం అంచనాలు పెంచేసుకున్నాం, ఆ కుర్రాడు ఎక్కడా నేను ఇంత అంత అని చెప్పుకున్నవాడు కాదు. ఆఖరి క్వార్టర్‌లో ఇంకో మూడున్నర నిమిషాలుండగా పార్కర్ లివింగ్‌స్టోన్‌కి వేసిన 32 యార్డుల టచ్‌డౌన్ చూశారా, అది భయపడిపోయిన కుర్రాడు వేసే పాస్ కాదు.

ప్రశ్న: మరి ఓటమికి ఆర్చ్ కారణం కాదంటే ఎవరు? (ముగ్గురు పాఠకులు అడిగారు)

జవాబు: ఆర్చ్ వాటా ఉంది, లేదనట్లేదు. కానీ నన్ను ఒక్క మాటలో చెప్పమంటే ఫోర్త్ డౌన్, అంటే పది యార్డులు వెళ్లడానికిచ్చే నాలుగు ఛాన్సుల్లో ఆఖరిది. ఐదు సార్లు ఫోర్త్ డౌన్‌లో పంట్ చేయకుండా (బంతిని దూరంగా తన్నేయకుండా) ముందుకెళ్దామని చూశాం, ఒక్కసారే సక్సెస్ అయ్యాం. మొత్తం యార్డులు చూడండి, టెక్సాస్ 336, ఒహాయో స్టేట్ 203, అంటే బంతిని ఎక్కువ దూరం నడిపింది మనమే, పాయింట్లు మాత్రం వాళ్లకి. ఇలా ఎప్పుడవుతుందంటే ఆ చివరి ఒకటి రెండు యార్డులు దాటలేనప్పుడే.

థర్డ్ క్వార్టర్‌లో వాళ్ల ఎండ్‌జోన్ (టచ్‌డౌన్ గీత అవతలి భాగం) ఒక్క యార్డు దూరంలో ఫోర్త్ డౌన్, స్కోరు అప్పటికి 7-0, ఆర్చ్ తనే బంతి పట్టుకుని లైన్ మధ్యలోంచి తోసుకుపోదామని చూశాడు. కబడ్డీలో రైడర్ మిడ్‌లైన్ వైపు చెయ్యి చాపితే, కాళ్లు నడుము నలుగురు పట్టేసుకుని ఇంచు కూడా కదలనివ్వకుండా ఆపేస్తారే, అచ్చం అలా ఆగిపోయాడు. అక్కడ ఓడిపోయింది క్వార్టర్‌బ్యాక్ కాదండీ, ముందున్న ఐదుగురు. పోయినేడాది ఉన్న ఆఫెన్సివ్ లైన్‌లో ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు, కెల్విన్ బ్యాంక్స్ లాంటివాడు ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే దాంట్లో, తొమ్మిదో పిక్‌గా న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌కి వెళ్లాడు, మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడు. కొత్తగా కలిసినవాళ్లు పక్కపక్కన నిలబడి ఒకే క్షణంలో ఒకే వైపు తోయాలంటే టైం పడుతుంది, ఆ టైం మనకి ఫస్ట్ గేమ్‌లో లేదు. కానీ హైలైట్స్‌లో లైన్‌మెన్ మొహాలు ఎవరూ చూపించరు, ఆర్చ్ మొహమే చూపిస్తారు, అందుకే తిట్లన్నీ అతనికి.

ప్రశ్న: ఆ ఒక్క యార్డు దగ్గర ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకుని ఉంటే సరిపోయేది కదా? మా ఇంట్లో దీని మీద ఆదివారం పొద్దున టిఫిన్ల దగ్గర పెద్ద గొడవే అయింది. (ఒక పాఠకురాలు, సీడర్ పార్క్)

జవాబు: అమ్మా, మీరు ఆ గొడవలో ఏ సైడో తెలీదు గానీ నేను మాత్రం ముందుకెళ్లడమే కరెక్ట్ అంటాను. మూడు తెచ్చుకున్నామే అనుకోండి, మిగతాదంతా అలాగే జరిగితే లాస్ట్‌లో 14-10, అప్పుడూ ఆఖరి డ్రైవ్‌లో టచ్‌డౌనే కావాలి. పైగా ఫెయిలైనా బంతి వాళ్లకి వాళ్ల ఒక యార్డు దగ్గర దొరుకుతుంది, అక్కడి నుంచి వాళ్లు చేసేదేం ఉంటుంది చెప్పండి. నిర్ణయం మంచిదే, ఎంచుకున్న ప్లే మీదే నాకు కంప్లయింట్. ఒహాయో స్టేట్ లైన్ అంతా మధ్యలోనే గుమిగూడి ఉందని కనిపిస్తూనే ఉంది, ఆర్చ్‌కి కాళ్లున్నాయి, పరిగెత్తగలడు, అతన్ని ఒక పక్కకి రోల్ చేయించి పాసా పరుగా అన్న ఛాయిస్ అతని చేతిలో పెట్టాల్సింది.

ఇక్కడ ఇంకో నొప్పి కూడా ఉంది. జనవరి 10న కాటన్ బౌల్‌లో, అంటే ప్లేఆఫ్ సెమీఫైనల్‌లో, ఇదే ఒహాయో స్టేట్ మీద ఇలాగే ఒక యార్డు దగ్గరకొచ్చి, పక్కకి టాస్ ఇచ్చి ఏడు యార్డులు వెనక్కెళ్లి, ఆ తర్వాత వాళ్ల జాక్ సాయర్ బంతి లాక్కుని 83 యార్డులు పరిగెత్తేశాడు, 28-14తో ఓడిపోయాం. అప్పుడు పక్కకి వెళ్లి చెడిపోయాం కాబట్టి ఈసారి మధ్యలోంచి వెళ్లారేమో అనిపించింది నాకు. పాత దెబ్బ గుర్తు పెట్టుకుని ప్లే పిలిస్తే కష్టమే.

ప్రశ్న: మా డిఫెన్స్ గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు, ఎందుకని? (యూటీ ఆస్టిన్ విద్యార్థి)

జవాబు: నువ్వు అడిగినందుకు సంతోషం బాబూ, నేను ఈ వారం రాయాలనుకున్నది అసలు ఇదే. ఛాంపియన్ టీమ్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 203 యార్డులకి కట్టేయడం మామూలు విషయమా? రన్నింగ్‌లో 77 యార్డులే ఇచ్చారు. జెరెమయా స్మిత్ అంటే దేశంలోనే బెస్ట్ రిసీవర్ అంటారు, అతన్ని ఎండ్‌జోన్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఆంథనీ హిల్, కోలిన్ సిమ్మన్స్, వెనక మైకెల్ టాఫ్ అందరూ ప్రాణం పెట్టి ఆడారు. నాకు టాఫ్ అంటే ప్రత్యేకమైన అభిమానం, స్కాలర్‌షిప్ కూడా లేకుండా వాక్-ఆన్‌గా వచ్చి టీమ్‌కి పెద్దదిక్కు అయ్యాడు. పెద్ద పొరపాటు అంటే ఆఖరి క్వార్టర్‌లో కార్నెల్ టేట్‌కి పడ్డ 40 యార్డుల టచ్‌డౌన్ ఒక్కటే, అది కూడా పాస్ అంత బాగా పడింది. ఈ డిఫెన్స్ ఇలాగే ఆడితే ఎవరి మీదైనా గెలిచే ఛాన్స్ ఉంటుంది. మీ కుర్రాళ్లంతా హోమ్ గేమ్‌కి వెళ్లినప్పుడు వాళ్ల కోసం గొంతు పోయేలా అరవండి.

ప్రశ్న: టెక్సాస్ ఓడిపోయిందనే రాస్తున్నారు తప్ప మేం గెలిచామని ఎవరూ రాయరా? (ఒహాయో స్టేట్ అభిమాని, డబ్లిన్, ఒహాయో)

జవాబు: న్యాయమైన మాటండీ, రాస్తాను. మీకు పోయిన సీజన్ ఇద్దరు కోఆర్డినేటర్లూ (ఆఫెన్స్, డిఫెన్స్ చూసుకునే కోచ్‌లు) వెళ్లిపోయారు, క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ వెళ్లిపోయాడు, 14 మంది ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో పోయారు. అయినా డిఫెన్స్‌ని మ్యాట్ పాట్రిసియా చేతుల్లో పెడితే మొదటి గేమ్‌కే ఆర్చ్‌ని తికమక పెట్టేశాడు, స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందు ఒకలా నిలబడి స్నాప్ అవగానే ఇంకోలా మారిపోయారు, ఆ కుర్రాడికి ఎవరు ఎక్కడున్నారో చూసుకునేలోపే టైం అయిపోయింది. జర్మైన్ మాథ్యూస్ పట్టిన ఇంటర్‌సెప్షన్ కూడా ఆ తికమకలోదే అని నా అభిప్రాయం.

మీ కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ 20లో 13 పాసులు, 126 యార్డులు, నంబర్లు చిన్నవే, కానీ బంతి ఒక్కసారి కూడా అవతలివాళ్ల చేతుల్లో పెట్టలేదు, ఫస్ట్ స్టార్ట్‌లో అది చాలు. ఇక మీ డిఫెండర్ కేలెబ్ డౌన్స్. ఆఖరి డ్రైవ్‌లో ఫోర్త్ డౌన్‌లో మన జాక్ ఎండ్రీస్ బంతి పట్టుకున్నాడు, దాటాల్సిన లైన్ కళ్లముందే ఉంది, డౌన్స్ వచ్చి అక్కడికక్కడే పడగొట్టేశాడు. ఎవరైనా ఒక్క అడుగు లేటుగా వచ్చుంటే ఎండ్రీస్ దాటేసేవాడు. సేయిన్, డౌన్స్ ఇద్దరూ అలబామా కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యాక అక్కడి నుంచి మీకొచ్చినవాళ్లే, మీ కోచ్ రయన్ డే ఎంపిక బాగుంది. అభినందనలు.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి ఎంఎస్‌కి ఆస్టిన్ వెళ్లి నెల కూడా కాలేదు, శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఓడిపోయాం అమ్మా అని ఏడుపు గొంతుతో మాట్లాడాడు. కాలేజీ పిల్లల ఆటకి ఇంత ఏంటి? ఆ ఫోర్త్ డౌన్ అంటే ఏంటి? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: కంగారు పడకండమ్మా, మీ అబ్బాయి అక్కడ కలిసిపోయాడని అర్థం, మంచిదే. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనకి క్రికెట్ కంటే తక్కువేం కాదు, ఆస్టిన్‌లో వాళ్ల స్టేడియంలో సీట్లే లక్షకి పైగా. ఇక రూల్ అంటారా, పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులు. మూడింట్లో వెళ్లలేకపోతే మామూలుగా నాలుగో దాంట్లో బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకి ఇచ్చేస్తారు. తన్నకుండా ఆడి ఫెయిలైతే ఎక్కడ ఆగారో అక్కడే బంతి వాళ్లకి పోతుంది. మీ అబ్బాయి టీమ్ ఆ రిస్క్ ఐదుసార్లు తీసుకుని నాలుగుసార్లు ఓడింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు డిఫెన్స్ బాగా ఆడిందట కదా నాన్నా అనండి, ఎంత మురిసిపోతాడో చూడండి.

ప్రశ్న: ప్రీసీజన్‌లో నంబర్ వన్ ర్యాంక్ ఇచ్చి ఒక్క గేమ్‌కే ఏడుకి దించేశారు. ఇంక ప్లేఆఫ్ ఆశ వదిలేసుకోవాలా? (ఒక పాఠకుడు, ఇర్వింగ్)

జవాబు: అస్సలు వద్దు. ఏపీ పోల్‌లో (స్పోర్ట్స్ జర్నలిస్టులు ఓట్లేసి ఇచ్చే ర్యాంకింగ్) ప్రీసీజన్ నంబర్ వన్‌గా టెక్సాస్ ఉండడం ఇదే మొదటిసారి, ఆ మురిపెం ఒక్క గేమ్‌తోనే పోయింది, అంతవరకే నష్టం. ఇప్పుడు ప్లేఆఫ్‌లో 12 టీములు. పోయిన సీజన్ ఇదే ఒహాయో స్టేట్ ఒరెగన్ చేతిలో ఓడింది, మిషిగన్ చేతిలో సొంత గ్రౌండ్‌లో 13-10తో ఓడింది, అయినా కప్పు వాళ్లే ఎత్తారు. 2014లో కూడా సీజన్ మొదట్లోనే వర్జీనియా టెక్ చేతిలో ఓడి చివరికి ఛాంపియన్స్ అయ్యారు. ఈ వీకెండ్ మనతోపాటు క్లెమ్సన్ ఎల్ఎస్‌యూ చేతిలో, నోటర్‌డామ్ మయామీ చేతిలో ఓడిపోయాయి, అలబామా అయితే పోయినేడాది రెండే గేములు గెలిచిన ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో పోయింది. వాళ్లతో పోలిస్తే మన ఓటమి పరువైనదే.

అసలు పరీక్షలు ముందున్నాయి: అక్టోబర్ 4న ఫ్లోరిడాలో, 11న డల్లాస్‌లో ఓక్లహోమాతో, నవంబర్ 15న జార్జియాలో, 28న ఆస్టిన్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీతో. వీటిలో నాకు ఎక్కువ భయం ఫ్లోరిడా, మళ్లీ బయట గ్రౌండ్, మళ్లీ ఆ అరుపులు, అప్పటికైనా లైన్ కుదురుకోకపోతే ఇదే కథ రిపీట్ అవుతుంది.

ప్రశ్న: మన కోచ్ సార్కీజియన్‌ని మార్చాలి. (పేరు రాయలేదు)

జవాబు: వద్దు. 2021లో వచ్చిన ఏడాది 5-7, ఆ తర్వాత 8-5, 12-2, 13-3, వరసగా రెండేళ్లు సెమీఫైనల్. ఫస్టాఫ్‌లో మరీ జాగ్రత్తగా ఆడించాడన్నది నిజం, ఆర్చ్‌ని చిన్న చిన్న పాసులకే కట్టేసి, వెనకబడ్డాక గానీ చెయ్యి తెరవలేదు. దానికి విమర్శించండి, నేనూ విమర్శిస్తా.

ప్రశ్న: ఇలాంటి పెద్ద గేములు సీజన్ మొదట్లో పెట్టుకోకుండా చిన్న టీములతో నాలుగు గెలుపులు తెచ్చుకోవచ్చు కదా? (ఒక పాఠకుడు, రౌండ్ రాక్)

జవాబు: అలా ఆలోచించేవాళ్లు ఈమధ్య ఎక్కువవుతున్నారు, నాకు మాత్రం అస్సలు నచ్చదు. 2005లో ఇదే కొలంబస్‌కి సెప్టెంబర్‌లో వెళ్లి విన్స్ యంగ్ టీమ్ 25-22తో గెలిచింది, ఆ సీజన్ చివర రోజ్ బౌల్‌లో యూఎస్‌సీ మీద 41-38తో గెలిచి ఛాంపియన్ అయింది. ఆ రోజు కొలంబస్ వెళ్లకపోయి ఉంటే ఆ టీమ్‌కి అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చేది? ఈసారి వెళ్లి ఓడాం, కానీ మన లైన్ ఎక్కడ వీకో, ఆర్చ్ దేనికి కంగారుపడుతున్నాడో ఆగస్టులోనే తెలిసిపోయింది, చిన్న టీమ్‌ల మీద 50 పాయింట్లు కొడుతూ కూర్చుంటే అక్టోబర్ దాకా తెలిసేది కాదు. ఒహాయో స్టేట్ 2026 సెప్టెంబర్‌లో ఆస్టిన్ వస్తోంది, టికెట్ల కోసం ఇప్పటి నుంచే చూసుకోండి, మీ పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.