చిన్న స్వచ్ఛంద సంస్థలకు, పల్లె కళాకారులకు ఏఐ శిక్షణ ఇస్తే నిజంగా లాభం ఉందా?

ఉంది. కాకపోతే మా దగ్గర ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో లేదు.

నేను హన్మకొండలో ఒక చిన్న సంస్థలో లెక్కలు, రిపోర్టులు చూస్తుంటాను. ఇలాంటి శిక్షణ ఏదైనా వస్తే ఆఫీసులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పంపుతారు. ఎప్పుడు చూసినా ఖాళీగా కనిపించేది నేనే. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఏఐ గుమాస్తా పని బాగా చేస్తుంది, కళాకారుడి పని చెడగొడుతుంది. శిక్షణల్లో మాత్రం సరిగ్గా దీన్ని తిరగేసి చూపిస్తారు. ప్రొజెక్టర్ మీద రంగుల బొమ్మ పడితే హాలంతా చప్పట్లు కొడుతుంది. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ డ్రాఫ్టు పడితే ఎవరు కొడతారు?

పోయిన ఏడాది ఏదో కంపెనీ సీఎస్సార్ డబ్బుతో ఇక్కడే ఒక ఫంక్షన్ హాల్లో శిక్షణ పెట్టారు. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది కదా, లెక్కల ఏడాది ముగిసే మార్చి దగ్గరపడేసరికి మా అందరికీ ఎక్కడలేని ఆహ్వానాలు వస్తాయి. సంస్థల వాళ్లం కొందరం, వరంగల్ కొత్తవాడలో దరీలు (జంపఖానాలు) నేసేవాళ్లు, ఒగ్గు కథ నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలు, చేర్యాల నుంచి నకాషీ పని, అంటే పటాలు గీసి మాస్కులు చేసే పని, చేసే ఒకామె వచ్చాం. (చేర్యాలను జిల్లాలు విడగొట్టినప్పుడు సిద్దిపేటలో కలిపారు గానీ, మాకింకా అది వరంగల్ జిల్లానే.) ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

ట్రైనర్ హైదరాబాద్ కుర్రాడు, మంచివాడే. ఆమెను సంతోషపెడదామని చేర్యాల శైలిలో మార్కండేయ పురాణం గీయమని ఏఐకి చెప్పాడు. తెర మీద బొమ్మ వచ్చింది. వెనకాల పచ్చటి అడవి, దూరంగా కొండలు, టీవీ సీరియల్ హీరో లాంటి నున్నటి మొహంతో మార్కండేయుడు. కింద తెలుగులా కనిపిస్తూ చదవడానికి రాని గీతలు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎట్లుందమ్మా?" అన్నాడు ట్రైనర్.

ఆమె లేచి తెర దగ్గరికి పోయింది. కాసేపు చూసి, "మంచిగనే ఉంది సార్. గని కథ యాడికెల్లి మొదలువెట్టాలె?" అంది.

అతనికి అర్థం కాలేదు. ఆమె చేతిలో పెన్ను తెర పైఅంచున పెట్టి కిందికి జరుపుతూ, "పటమంటే గీడికెల్లి చూపిచ్చుకుంట కిందికి దిగాలె. ఒక వరుసల పుట్టుడు, ఇంకో వరుసల పెరుగుడు. నీ దాంట్ల అందరు ఒక్కకాన్నే నిలవడ్డరు. గిది వట్టుకొని కూనపులాయన రాత్రంతా ఏం జెప్తడు?" అంది. హాలంతా నవ్వింది, ట్రైనర్ కూడా నవ్వేశాడు. వెంటనే తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ రోజు మొత్తంలో చర్చించాల్సిన మాట అదొక్కటే.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. చేర్యాల పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టింది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గౌడులకు గౌడ పురాణం చెప్పేవాళ్లు, ఇలా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు విప్పుకుంటూ పోయే పొడవాటి గుడ్డ అది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి రంగు మీద వరుసలు వరుసలుగా కథ గీస్తారు. దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు కాపాడేది పేరును. ఎక్కడో చేసిన సరుకును చేర్యాల పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. ఆ శైలిని చూసి ఏఐ ఏదో గీసేస్తే దాన్ని ఆపే శక్తి జీఐకి లేదు. కళాకారులకు మొదట చెప్పాల్సింది ఇది. ఆ రోజు చెప్పింది మాత్రం, మీ పటాల ఫొటోలు పెద్ద సైజులో ఇంటర్నెట్‌లో పెట్టండి అని!

అసలు పని భోజనాల తర్వాత జరిగింది, అదీ క్లాసులో కాదు. బెంగళూరు నుంచి ఎవరో చేర్యాల మాస్కులు (రంగులేసిన బొమ్మ మొహాలు) కావాలని ఆమెకు వాట్సాప్‌లో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టారు. మామూలుగా అల్లుడు జవాబు రాసిపెడతాడట, ఆయనకు తీరిక దొరికినప్పుడు. నేను ఫోన్‌లో ఏఐ తెరిచి, మైకు నొక్కి, "తెలుగులోనే చెప్పు పెద్దమ్మా" అన్నాను. రంపపు పొట్టులో చింతగింజల అంబలి కలిపి చేస్తామని, వానలు పడితే ఎండడానికి ఎక్కువ రోజులు పడుతుందని, సగం పైసలు ముందే పంపాలని చెప్పింది. నిమిషంలో మర్యాదైన ఇంగ్లీషు ఉత్తరం తయారు. దాన్నే మళ్లీ తెలుగులో చదివించాను. తరతరాలుగా రాష్ట్రపతి అవార్డులు పొందిన కుటుంబం అని ఏఐ సొంతంగా ఒక వాక్యం చేర్చింది.

"మాకేం అవార్డులు రాలే బిడ్డా, తీసెయ్. రేపు చూపియ్యమంటె యాడ తేవాలె?"

తీసేశాం. సగం పైసలు ముందే అన్నదాన్ని ఏఐ 'వీలైతే కొంత అడ్వాన్స్' అని మెత్తబరిచింది. ఆమె దాన్నీ వదల్లేదు, గట్టిగా రాయించి పంపింది. రాసింది చదివించుకోవడం, అబద్ధం కొట్టేయడం, ధర దగ్గర మెత్తబడకపోవడం. కళాకారులకు ఈ మూడు నేర్పితే చాలంటాను.

సంస్థల సంగతి కూడా అంతే. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 50 శాతం దాకా పెట్టుకోనిచ్చేవాళ్లు, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో 20 శాతానికి దించారు. చిన్న సంస్థలు ఇక రిపోర్టులకని వేరే మనిషిని ఎక్కడ పెట్టుకుంటాయి? ఊళ్లు తిరిగేవాళ్లు వాయిస్ మెసేజ్‌లు పంపుతారు, రాత్రి కూర్చొని నాలాంటివాళ్లు రిపోర్టు చేస్తారు. అక్కడ ఏఐ నిజంగా నడుం వాల్చనిస్తుంది. అయితే ఒక జాగ్రత్త. అదే శిక్షణలో 'మీ లబ్ధిదారుల ఎక్సెల్ షీట్ ఎక్కించండి' అన్నారు. మా దగ్గరుండేది బడి మానేసిన ఆడపిల్లల జాబితా. తండ్రి పేరు, ఊరు, ఫోన్, ఆధార్ అన్నీ ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. చట్టం సంగతి అటుంచండి, ఎవరి బిడ్డ వివరాలని ఎక్కడో ఎక్కిస్తాం? పేర్లు, నంబర్లు తీసేసి, వరుస సంఖ్యలు పెట్టుకొని వాడండి.

ఇంకో తలనొప్పి లాగిన్. పొద్దున సగం సమయం జీమెయిల్ పాస్‌వర్డ్‌లకే పోయింది. ఒకాయన ఓటీపీ గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు వెళ్లింది, ఆ కొడుకు ఇంకా నిద్ర లేవలేదు. మధ్యాహ్నం మాత్రం గ్రూప్ ఫొటో టైముకు జరిగింది, ఆడవాళ్లు ముందు వరుసలో, చేతిలో సర్టిఫికెట్. కంపెనీ రిపోర్టుకు కావాల్సింది అదే మరి.

ఇలాంటి శిక్షణ మీరు పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ వచ్చినవాళ్లకు రోజు కూలి, బస్సు చార్జీలు ఇవ్వండి. మగ్గం ఆపుకొని వచ్చిన మనిషికి ఆ రోజు ఇంట్లో రూపాయి రాదు. ట్రైనర్‌కు, హాలుకు, బ్యానర్‌కు బడ్జెట్ రాసుకొని దీనికి రాసుకోనివాళ్లు ఫోన్ చేస్తే, కళాకారుల నంబర్లు ఇవ్వడం మా ఆఫీసులో మానేశాం.