ఎల్‌డీఎల్‌తో మందు పంపాలనుకుంటున్న మేనకోడలికి

మల్లేశ్వరం, బెంగళూరు.

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

క్యాన్సర్ మందును ఎల్‌డీఎల్‌లో, అంటే రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే రేణువుల్లో, నింపి క్యాన్సర్ కణాలకు చేర్చే పరిశోధనలో చేరావని మీ నాన్న చెప్పగానే ఎంతో సంతోషించాను. ఈ పనిలో ముందుగా చూసుకోవలసిన సంగతులు రాస్తున్నాను.

ఎల్‌డీఎల్ రేణువు వ్యాసం దాదాపు 22 నానోమీటర్లు. లోపల కొలెస్టరాల్ ఎస్టర్లనే కొవ్వులు, పైన ఫాస్ఫోలిపిడ్ల ఒంటిపొర, దాన్ని చుట్టుకొని 4,536 అమైనో ఆమ్లాల అపోబి-100 అనే ఒకే ఒక్క ప్రోటీన్ ఉంటాయి. ఆ ప్రోటీన్‌ను కణం మీద దాన్ని పట్టుకోవడానికి ఉండే రిసెప్టర్ గుర్తుపడితేనే రేణువు ఆ దారిన కణంలోకి వెళుతుంది. ఈ మార్గాన్ని విడమరచినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. చాలా రకాల క్యాన్సర్ కణాల మీద ఈ రిసెప్టర్లు ఎక్కువగా ఉంటాయి కనుకనే నీ ఆలోచనకు బలముంది. అందువల్ల మందు నింపే తొందరలో ఆ ప్రోటీన్ చెడిపోకుండా చూసుకో.

ఎల్‌డీఎల్‌ను వేరుచేసే ప్లాస్మాలో మొదటే ఆక్సీకరణను అడ్డుకునే ఈడీటీఏ కలుపు. ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ను మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు మింగేస్తాయి, మందు కణితికి చేరదు. పొటాషియం బ్రోమైడ్‌తో సాంద్రత సరిచేసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబులో పసుపు-నారింజ రంగు పట్టీ తేలుతుంది. దాన్ని నెమ్మదిగా తీసి, ఆ ఉప్పు పోయేలా డయాలిసిస్ చేసి, 4 డిగ్రీల వద్ద ఉంచు. ఊరికే గడ్డకట్టిస్తే రేణువులు ముద్దలుగా అతుక్కుపోతాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. బాగా కొవ్వులో కరిగే మందు లోపల నిలుస్తుంది కానీ, పైపొరకు అంటుకున్నది సీరంలో పడగానే హెచ్‌డీఎల్ అనే మరో రకం కొలెస్టరాల్ రేణువుకో, ఆల్బుమిన్ అనే రక్తప్రోటీన్‌కో జారిపోతుంది. నింపిన రేణువులను సీరంలో 37 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచి, మళ్లీ వేరుచేసి, మందు ఎక్కడుందో కొలవనిదే కణాల మీద ప్రయోగానికి దిగకు.

కణాలను లైపోప్రోటీన్లు తీసేసిన సీరంలో పెంచితే రిసెప్టర్లు పెరుగుతాయి. మందులేని మామూలు ఎల్‌డీఎల్‌ను అధికంగా కలిపినప్పుడు మందు ప్రవేశం తగ్గకపోతే, అది వేరే దారిన వెళుతున్నట్టే.

ఎలుకల ఫలితాలను చూసి మురిసిపోకు. హెచ్‌డీఎల్ నుంచి కొలెస్టరాల్ ఎస్టర్లను ఇతర రేణువులకు చేరవేసే సీఈటీపీ అనే ప్రోటీన్ వాటికి లేదు, వాటి రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది. మనిషి రక్తంలోనైతే సొంత ఎల్‌డీఎల్ సమృద్ధిగా ఉండి అవే రిసెప్టర్ల కోసం నీ రేణువులతో పోటీపడుతుంది. ఈ విషయం మీ గైడుగారితో ఇప్పుడే మాట్లాడు.

సీరం పరీక్ష గ్రాఫులు తీసుకొని ఏదైనా ఆదివారం ఇంటికి రా, కలిసి చూద్దాం.

మీ అత్తయ్య