కాలిన బ్యాటరీని కంపెనీకి ఇచ్చేయాలా?

ప్రశ్న: విశాఖపట్నం అక్కయ్యపాలెంలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. పోయిన నెల ఒక రాత్రి హాల్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి మంటలు లేచాయి. నా భార్య చేయి కాలింది. సోఫా, టీవీ, గోడ పాడయ్యాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడారు కనుక తమకు సంబంధం లేదని షోరూమ్ వారు, కాలిన బ్యాటరీ పంపితే పరీక్షించి చెబుతామని కంపెనీ వారు అంటున్నారు. ఇంటి యజమాని రెండు లక్షలు కట్టాలని, లేదంటే అడ్వాన్సు తిరిగివ్వకపోగా పోలీసు కేసు పెడతానని అంటున్నారు. మేం ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ఆ బ్యాటరీని, చార్జర్‌ను, ఎక్స్‌టెన్షన్ బోర్డును ఎవరి చేతికీ ఇవ్వకండి. మీ కేసు మొత్తం వాటి మీదే నిలబడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, వస్తువులో లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తేలనప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ దాని నమూనాకు సీలు వేయించి తగిన ప్రయోగశాలకు పంపించగలదు. అసలు వస్తువే కంపెనీ దగ్గరికి చేరిపోతే ఆ అవకాశం చేజారుతుంది. కంపెనీ వారు చూడాలనుకుంటే మీ సమక్షంలో, వీడియో తీస్తూ, విప్పకుండా చూడమని ఉత్తరం ద్వారా తెలియజేయండి. అయితే కాలిన బ్యాటరీని ఇంట్లో మాత్రం ఉంచవద్దు. చల్లారినట్టు కనిపించినా లోపల మిగిలిన సెల్స్ కొన్ని రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు కనుక, అంటుకునే వస్తువులేవీ లేని ఆరుబయట, వర్షం తగలని చోట పెట్టండి.

మీరు పంపిన ఫోటోలను జాగ్రత్తగా చూశాను. ప్లగ్ పిన్నులు ఇంకా ఇత్తడి రంగులోనే ఉన్నాయి, బోర్డుకు ఒక అంచు మాత్రమే కమిలింది, బ్యాటరీ పెట్టె మాత్రం లోపలి నుంచి ఉబ్బి ఒక పక్కన చీలిపోయింది. బోర్డు వేడెక్కి మంట మొదలై ఉంటే సాధారణంగా పిన్నులు, సాకెట్ ముందు నల్లబడతాయి. తుది మాట నిపుణుడిదే అయినా, షోరూమ్ వారి వాదనకు ఎదురుగా నిలిచే ఆధారం ఇదే.

ఆ చట్టంలోని 84వ సెక్షన్ ప్రకారం తయారీలో గానీ డిజైన్‌లో గానీ లోపం ఉన్నా, సరైన వాడకం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యత వహించాలి. వస్తువును దుర్వినియోగం చేసినప్పుడు దావా కుదరదన్న 87వ సెక్షన్ తొలి నిబంధనను చాలామంది అందరికీ వర్తింపజేసి చెబుతుంటారు గానీ, దాని మాటల ప్రకారం అది విక్రేతకు ఇచ్చిన రక్షణ. కనుక షోరూమ్ తప్పించుకున్నా తయారీదారు మీద దావా దానంతటదే పోదు. అయినా ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడవద్దని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటే అది మీకు ఇబ్బందే, పరిహారం తగ్గవచ్చు. ఆ పుస్తకం తీసి ఇప్పుడే చదవండి.

2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్‌లలో ఇళ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల నేపథ్యంలో కేంద్రం ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. మీ బ్యాటరీ ఎప్పుడు తయారైందో, ఏ ఆమోదం కింద అమ్మారో కంపెనీకి పంపే లీగల్ నోటీసులో అడగండి.

యజమాని విషయానికొస్తే, ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం సహజమైన అరుగుదల, ఎవరూ ఆపలేని ఉపద్రవం మినహా అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే ఉంచాలి. అందువల్ల ఆయన అడగడం పూర్తిగా అన్యాయం కాదు. కానీ రెండు లక్షలని ఆయన నోటి మాటగా తేల్చడం కుదరదు. మరమ్మతు అంచనా, ఫోటోలు చూపమనండి. మీరు న్యాయంగా చెల్లించిన మొత్తాన్ని ఆస్తి నష్టంగా తయారీదారు నుంచి కోరవచ్చు. ఇంట్లో ఎర్త్ సరిగా లేదని మీరు లోగడ ఆయనకు వాట్సాప్‌లో చెప్పి ఉంటే ఆ సందేశం భద్రపరచండి.

పోలీసు కేసు గురించి అంతగా భయపడవద్దు. భారతీయ న్యాయ సంహితలోని 287వ సెక్షన్ నిప్పు విషయంలో ప్రాణాపాయం కలిగించే నిర్లక్ష్యాన్ని శిక్షిస్తుంది. రాత్రిపూట చార్జింగ్ పెట్టడమొక్కటే ఆ నిర్లక్ష్యం అనిపించుకోదు.

ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. మీరు విశాఖలో ఉంటున్నారు కనుక ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. స్కూటర్‌కు చెల్లించిన ధర ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బిల్లు, వారంటీ కార్డు, అగ్నిమాపక శాఖ నివేదిక, మీ భార్యకు చికిత్స చేసిన ఆసుపత్రి కాగితాలు జత చేయండి. కాలిన చేయి ఫోటోలను తేదీతో సహా ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఎందుకంటే విచారణకు వచ్చేసరికి ఆ గాయం మానిపోయి ఉంటుంది.