రైల్వే చదువు కోసం ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా మామగారు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. తాతగారిని చూసి మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ రైల్వే ఇంజినీరు కావాలని కోరిక. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయంలో రైల్ ఇంజినీరింగ్ ప్రత్యేకాంశంగా ఎలక్ట్రికల్ బీటెక్ సీటు వచ్చింది. హాస్టలు, ప్రయాణాలు కలిపి నాలుగేళ్లకు పది లక్షలవుతుందని మా అంచనా. ఇంటి నుంచే ఇక్కడి కాలేజీకి వెళ్తే నాలుగు లక్షల్లో అయిపోతుంది. మావారికి 47 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 55 వేల జీతం. బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్, ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల ప్లాటు ఉన్నాయి. ప్లాటు అమ్మి చదివించమంటారా?

జవాబు: ప్లాటు అమ్మకండి. అమ్మాయిని పంపించండి. ఆ రెండూ ఒకేసారి సాధ్యమే. కానీ డబ్బు లెక్కకు ముందు, ఈ చదువుతో ఏది వస్తుందో, ఏది రాదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఆ సంస్థ 2018లో జాతీయ రైలు, రవాణా విద్యాసంస్థగా మొదలై 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పేరులోనూ పాఠాల్లోనూ రైలే ఉంది కాబట్టి పట్టా చేతికి రాగానే రైల్వే ఉద్యోగం వస్తుందని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. అలా రాదు. జూనియర్ ఇంజినీరు కావాలంటే అందరితో పాటు రైల్వే నియామక బోర్డు పరీక్ష రాయాలి. దానికి సంబంధిత బ్రాంచిలో మూడేళ్ల డిప్లొమా చేసినవారు కూడా అర్హులే. స్టేషన్ మాస్టర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఏడో వేతన సంఘం ప్రకారం ఈ రెండు ఉద్యోగాల్లోనూ మొదటి మూలవేతనం 35,400 రూపాయలు, భత్యాలు అదనం. ఇక అధికారి స్థాయికి యూపీఎస్సీ పరీక్షే దారి.

అందుకే పట్టా మీద ఏ బ్రాంచి పేరు ఉంటుందన్నదే నేను మొదట చూస్తాను. మీ అమ్మాయిది ఎలక్ట్రికల్. రైల్వే పరీక్షలకు పనికొస్తుంది, విద్యుత్ సంస్థలకూ పనికొస్తుంది. అదే రవాణా అన్న పేరు తప్ప ఇంజినీరింగ్ బ్రాంచి ఏదీ లేని కోర్సయితే, అప్పు చేసి చదివించవద్దని నేరుగా చెప్పేవాణ్ని.

రెండో సంగతి ఎదురుచూపు. జూనియర్ ఇంజినీరు పోస్టులకు 2018 చివర్లో నోటిఫికేషన్ వచ్చాక, మళ్లీ వచ్చింది 2024 జులైలో. 2019లో చదువు ముగించిన పిల్లలు ఐదేళ్లు ఎదురుచూశారు. ఏటా నియామకాల క్యాలెండర్ ఇస్తామని 2024లో రైల్వే ప్రకటించింది, సంతోషమే. అయినా ఇంటి బడ్జెట్‌ను ప్రభుత్వ క్యాలెండర్ మీద ఆధారపడేలా వేసుకోకూడదు. చదువు పూర్తవగానే ప్రైవేటులో చేరి, జీతం తీసుకుంటూ పరీక్షలకు చదవడమే మీ అమ్మాయికి మంచి దారి.

ఆ విషయంలో హైదరాబాద్ కంటే అనువైన ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థను మొదట దక్షిణ మధ్య రైల్వే మార్గాల్లోనే పరీక్షించారు. ఆ పరికరాల తయారీకి తొలుత ఆమోదం పొందిన హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మేధా మూడూ ఈ నగరం కంపెనీలే. శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో మేధా వారి కోచ్ ఫ్యాక్టరీ 2023లో ప్రారంభమైంది. రైలు విద్యుత్తు, సిగ్నలింగ్ తెలిసిన ఎలక్ట్రికల్ ఇంజినీరుకు ఇలాంటి చోట్ల పని దొరికే అవకాశం ఉంది. ఇక్కడి కాలేజీ కంటే వడోదరకు అదనంగా పెట్టే ఆరు లక్షలకు నాకు కనిపించే న్యాయం ఇదే.

ఇప్పుడు లెక్క. డిపాజిట్ నుంచి మూడు లక్షలు వాడండి, ఏడు లక్షలు విద్యారుణం తీసుకోండి. మిగిలిన మూడు లక్షల డిపాజిట్‌ను ఇంటి అత్యవసరాలకు వదిలి ఏ పరిస్థితిలోనూ దీనికి కలపకండి. ఏటా 1.75 లక్షల చొప్పున నాలుగేళ్లు తీసుకుని, వడ్డీ పది శాతం అనుకుందాం. చదువు, ఆ తర్వాతి ఏడాది కలిపి ఐదేళ్లూ ఏమీ కట్టకపోతే, సాధారణ వడ్డీతోనే బాకీ 9.45 లక్షలవుతుంది. అప్పుడు పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 12,500. అలా కాకుండా వడ్డీని నెలనెలా కట్టేస్తే వాయిదా 9,250కి తగ్గుతుంది. ఆ వడ్డీ మొదటి ఏడాది నెలకు 1,460 రూపాయలే, నాలుగో ఏడాదికి 5,830 అవుతుంది. మీవారి జీతంలో ఇది కష్టమైనా మోయగలిగిన బరువే. అమ్మాయి తొలి జీతం ముప్పై వేలే అయినా, 9,250 వాయిదా అందులో మూడో వంతు దాటదు.

పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో తప్పకుండా దరఖాస్తు చేయండి. అందులోని సంస్థల జాబితాలో ఉన్న చదువులకు తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. మీ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు కాబట్టి, చదువు కాలంలోనూ తర్వాతి ఏడాదిలోనూ వడ్డీలో మూడు శాతం రాయితీకి అర్హత ఉంటుంది. ఈ రాయితీ ఏడాదికి లక్ష మందికే ఇస్తారు. ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక కోర్సులు చదివేవారికి ప్రాధాన్యం ఉంటుంది. వస్తే మంచిదే, ముందే లెక్కలో వేసుకోకండి.

విద్యారుణం వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీవారి జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు కనుక దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

సంతకం పెట్టే ముందు మీవారి పేరిట కనీసం 75 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకోండి. రుణంలో ఆయనే సహ దరఖాస్తుదారు. ఆయనకు ఏదైనా జరిగితే బాకీ పడేది చదువు మధ్యలో ఉన్న పిల్ల మీదే.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. ప్లాటు ఉన్న ఇంటికి, రైల్వేలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఏదో ఒక రోజు వస్తారు. ఎంత దగ్గరి బంధువు తీసుకొచ్చినా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈ పోస్టులు పరీక్షతోనే వస్తాయి. అడ్వాన్సు అడిగినవాడు మోసగాడే, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి.