అమలాపురం ఇంట్లోని ఏసీ లేహ్ చలికి పనికొస్తుందా?

పనికిరాదు, ఎందుకంటే మన డెల్టా ఇళ్లల్లో బిగించే ఏసీల్లో చాలావాటికి చల్లబరచడం ఒక్కటే వచ్చు. గ్యాస్ దారిని వెనక్కి తిప్పే వాల్వు ఉన్న 'హాట్ అండ్ కోల్డ్' రకమే గదిని వెచ్చబరుస్తుంది.

గడ్డకట్టే చలిలో బయట వేడి ఎక్కడుంటుందని చాలామంది అనుమానం. అక్కడే పొరబాటు. మైనస్ 10 డిగ్రీల గాలిలోనూ వేడి ఉంటుంది. అవుట్‌డోర్ కాయిల్‌లోని గ్యాస్ అంతకన్నా చల్లగా ఉంటే ఆ వేడి అందులోకి చేరుతుంది. కాలవలోని నీళ్లను ఇంజను పెట్టి మెరక చేలోకి తోడినట్టు, కంప్రెసర్ దాన్ని గదిలోకి ఎత్తిపోస్తుంది. పల్లం పెరిగేకొద్దీ ఇంజనుకి పని ఎక్కువ, ఇక్కడా అంతే.

ఉదాహరణకి, రూమ్ హీటర్ 1 కిలోవాట్ కరెంటు తిని 1 కిలోవాట్ వేడే ఇస్తుంది. మంచి హీట్ పంప్ (వేడిని ఇలా తోడే 'హాట్ అండ్ కోల్డ్' ఏసీ), బయట 7 డిగ్రీలుంటే, అదే కరెంటుకి సుమారు 3 కిలోవాట్ల వేడి తెస్తుంది. లేహ్ రాత్రుల్లో మైనస్ 15కి దిగినప్పుడు అది బాగా తగ్గిపోతుంది. కాయిల్‌ మీద పేరుకున్న మంచును కరిగించడానికీ మధ్యమధ్య ఆగాలి. అందుకే అంత చలికి తయారుచేసిన మోడలే కొనాలి, కరెంటు పోతే ఆదుకోవడానికి పొగగొట్టం ఉన్న బుఖారీ పొయ్యి కూడా ఉండాలి.

బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.