సమాధానం: అమ్మగారి ఎంఆర్ఐలో అరాక్నాయిడ్ సిస్ట్, అది క్యాన్సరేనా?

నమస్కారమండీ. తల తిరుగుతోందని మీ అమ్మగారికి బెంగళూరులో ఎంఆర్ఐ తీయిస్తే 'ఎడమ టెంపొరల్ అరాక్నాయిడ్ సిస్ట్, గలాసీ 1' అని వచ్చిందని, అది క్యాన్సరేమోనని రాత్రంతా నిద్రపోలేదని రాశారు. కాదండీ, అది క్యాన్సర్ కాదు. మెదడులో ఎడమ కణత వైపు భాగంలో (టెంపొరల్ అంటే అదే) ఉన్న, నీరు నిండిన తిత్తి.

మెదడులోని తిత్తులను అవి ఏ కణజాలం నుంచి పుట్టాయి, లోపల ఏముంది, ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టి విడదీస్తారు. అరాక్నాయిడ్ తిత్తిలో ఉండేది మెదడు చుట్టూ ఉండే ద్రవం లాంటిదే. ఎక్కువగా పుట్టుకతోనే వస్తుంది. ఎపిడెర్మాయిడ్‌లో చర్మపు పొట్టు వంటి కెరటిన్, డెర్మాయిడ్‌లో కొవ్వు, ఒక్కోసారి వెంట్రుకలు కూడా ఉంటాయి. తలలోపల వెంట్రుకలేమిటని నేనూ నోరు వెళ్లబెట్టాను! జాగ్రత్త పడవలసింది కొల్లాయిడ్ సిస్ట్‌తో. చిన్నదైనా సరే, మెదడు లోపల ద్రవం ఉండే గదుల్లో ఒకటైన మూడో జఠరిక దగ్గర, ఆ ద్రవం పారే దారిని మూసేయగలదు. అమ్మగారిది అది కాదు.

ఇక ఆ 'గలాసీ' అన్నది ఇలాంటి తిత్తులకు 1982 నాటి వర్గీకరణ. 1 అంటే టెంపొరల్ భాగం ముందు కొసన ఉన్న చిన్న తిత్తి. 3 అంటే మెదడును పక్కకు నెట్టేంత పెద్దది. ఒకటో రకానికి సాధారణంగా ఆపరేషన్ అవసరపడదు.

తల తిరగడానికి కారణం ఈ తిత్తే అని తీర్మానించుకోకండి. చెవి, బీపీ కూడా చూపించండి. బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళితే రిపోర్టు ఒక్కటే సరిపోదు, స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, చూపు మసకబారడం, తలకు గట్టి దెబ్బ, వీటిలో ఏది జరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.